ఎవరో పడ్డారని మన పగ్గం బిగుసుకుంటే

శనివారం పొద్దున ఆరున్నర. జీను కట్టిన గుర్రం ఎక్కడానికి సిద్ధంగా దిమ్మె పక్కన నిలబడి ఉంది. ఎక్కాల్సిన మనిషి మాత్రం ముందురోజు విన్న కబురు దగ్గరే ఆగిపోయారు: ఎక్కడో ఎవరి కాలో రికాబులో, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టుకునే చట్రంలో, ఇరుక్కుందట, గుర్రం ఈడ్చుకుపోయిందట. ఆ గుర్రం వేరు, ఆ మైదానం వేరు, ఆ జీను ఎలాంటిదో కూడా తెలియదు. అయినా చేతులు చల్లబడ్డాయి. ఎక్కాక మోకాళ్లు జీనుని నొక్కేస్తాయి, నడుము ముందుకు వంగుతుంది, పగ్గం కురచవుతుంది.

కిందున్న గుర్రానికి ఇదంతా తెలుస్తుంది. స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో అచ్చువేసిన ఒక ప్రయోగం ఉంది. మనుషుల చేత గుర్రాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నాలుగుసార్లు నడిపించారు, కొందరి చేత స్వారీ చేయించారు. నాలుగోసారి బయల్దేరే ముందు, ఈసారి గుర్రం పక్కన గొడుగు తెరుస్తాం అని చెప్పారు. తెరవలేదు. కానీ ఆ నాలుగోసారి మనిషి గుండె వేగంతో పాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. స్వారీ చేస్తున్నవాళ్లు పగ్గాన్ని ముందుకంటే కురచగా పట్టుకున్నారు. జరగని గొడుగుకే అంత.

ఈ కురచ పగ్గం మన దగ్గర మరీ ఇబ్బంది. హైదరాబాద్ చుట్టుపక్కల స్వారీ నేర్పే చోట్ల చాలా గుర్రాలు రేసుల నుంచి తప్పించిన థరోబ్రెడ్‌లు, అంటే రేసుల కోసం పెంచే జాతివి. రేసు గుర్రానికి పగ్గం గట్టిగా పట్టడమంటే ఆగమని కాదు. జాకీ పగ్గం పోగుచేసి బిగించి పట్టుకుంటే, దానికి ఆనుకుని ఇంకా జోరుగా పరుగెత్తడం దానికి అలవాటైన పాఠం. మీరు భయంతో బిగిస్తారు, అది పరుగు తీయమన్నారనుకుంటుంది. అది వడి పెంచితే మీరు ఇంకా బిగిస్తారు. విన్న కబురు నిజమయ్యే దారి ఇదే. కాబట్టి పని కూడా పగ్గం దగ్గరే మొదలుపెట్టాలి.

ఎర్ర ఉన్ని పోగు

భయం ఎంత ఉందని మనసుని అడిగితే సరైన జవాబు రాదు. పగ్గాన్ని అడగండి. గుర్రం మామూలు వాక్‌లో, అంటే మెల్లటి నడకలో, మెడ తన ఇష్టం వచ్చినంత చాచి నడుస్తున్నప్పుడు, మోచేతులు నడుము పక్కన వంగి ఉండగా పగ్గాన్ని తేలిగ్గా, నోటితో స్పర్శ పోకుండా పట్టుకోండి. స్వారీ నేర్పే మీ ఉస్తాద్‌ని పిలిచి, రెండు పగ్గాల మీదా బొటనవేలు ఉన్నచోట ఒక వరస ఎర్ర ఉన్ని పోగు కట్టమనండి. వాక్ కంటే వేగమైన ట్రాట్‌లో పగ్గం కొంచెం కురచ కావాలి కాబట్టి, ఉస్తాద్ చూసి చెప్పినచోట, సాధారణంగా మూడు నాలుగు అంగుళాలు నోటివైపుగా, ఇంకో రంగు పోగు. ఉన్నే ఎందుకంటే ఎక్కడైనా తగులుకుంటే తెగిపోతుంది. టేప్ చుడితే తోలు జిగటపడుతుంది.

ఇక ఆట ఒక్కటే. మైదానం గేటు దాటిన ప్రతిసారీ చేతివైపు ఒక్క చూపు. చెయ్యి ఎర్ర పోగు దాటి ముందుకు పోయిందా? పోతే ఒక్కసారిగా వదిలేయొద్దు. ఊపిరి వదులుతూ అంగుళం, మళ్లీ వదులుతూ అంగుళం, పోగు దగ్గరికి వచ్చేదాకా జారనివ్వండి. ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు దాటిందో దిగాక ఒక చిన్న నోటుబుక్కులో రాయండి. గుర్రం బెదిరినప్పుడు క్షణం పాటు కురచ చేయడం తప్పు కాదు. బెదురు తీరాక కూడా అలాగే ఉంచేయడమే తప్పు.

విన్నదాన్ని విప్పి చూడండి

ప్రమాదం కబురుకి తల, తోక మాత్రమే ఉంటాయి. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. చెప్పినవాళ్లని, లేదా మిమ్మల్ని మీరే, ఇవి అడగండి: ఏ గుర్రం, దానికి ముందురోజు పని పడిందా? ఏ నడకలో ఉంది? ఎక్కడ, కంచె లోపలా బయటా? కాళ్లకు ఏం వేసుకున్నారు, జీను ఎవరు బిగించారు? పక్కన ఎవరున్నారు? వీటిలో రెండుకైనా జవాబు దొరక్కపోతే ఆ కబురుతో మీరు జాగ్రత్తపడటానికి ఏమీ లేదు, దడుచుకోవడానికి తప్ప. జవాబులు దొరికితే మాత్రం అది కబురు కాదు, చేత్తో తనిఖీ చేయగల వస్తువు అవుతుంది.

రికాబులో కాలు ఇరుక్కోవడాన్నే తీసుకోండి. దానికి నాలుగు కారణాలు, మూడు ఎక్కకముందే తేలతాయి, నాలుగోది ఎక్కగానే.

మొదటిది కాళ్లకు వేసుకునేది. స్పోర్ట్స్ షూకి మడమ ఉండదు, పాదం మొత్తం రికాబులోంచి అవతలికి దూరిపోతుంది. అంగుళం దాకా మడమ ఉన్న, అడుగు నున్నగా ఉన్న బూటు కావాలి. ట్రెక్కింగ్ బూట్ల లోతైన గాడులు రికాబుని పట్టేస్తాయి. రెండోది రికాబు వెడల్పు. బూటు అత్యంత వెడల్పైన చోట కొలిచి దానికి అంగుళం కలపండి, అంటే ఇటు అర, అటు అర. అంతకంటే ఇరుకైతే కాలు బిగుసుకుంటుంది, మరీ వదులైతే దూరిపోతుంది. చాలాచోట్ల ఒకే జత రికాబులు పిల్లలకీ పెద్దలకీ వాడేస్తుంటారు, అడిగి మార్పించుకోవడంలో మొహమాటం వద్దు.

మూడోది పైకి కనపడదు. జీను పక్కన చిన్న తోలు మడత ఎత్తితే, రికాబు పట్టీ వేలాడే ఇనుప కమ్మీ ఉంటుంది. దాని చివర మడతపడే చిన్న నాలుక. ఆ నాలుక పైకి లేచి ఉంటే పట్టీ ఎంత గుంజినా ఊడదు. కమ్మీకి సమంగా పడుకుని ఉంటే, మనిషి పడి కాలు ఇరుక్కున్నా పట్టీ వెనక్కి జారి ఊడిపోతుంది. సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, దాన్ని పట్టుకుని ఉండగా పట్టీని తోకవైపు గట్టిగా గుంజండి. జారి చేతికి రావాలి. రాకపోతే నాలుక తుప్పు పట్టిందో, మూసి ఉందో చూడండి. రెండు వైపులా చూడాలి, ఒక వైపు చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒక పక్క రబ్బరు ఉంగరం ఉన్న రికాబైతే ఆ రబ్బరు బయటివైపుకి రావాలి, కుడి ఎడమలు తారుమారైతే దాని వల్ల లాభం లేదు. ఎండకి రబ్బరు పగిలితే మార్చేయాలి.

నాలుగోది మన పాదమే. రికాబు పాదం వెడల్పైన భాగం కింద, మడమ కాస్త కిందికి. భయపడ్డ మనిషి మడమ ఎత్తేస్తారు, అక్కడే పాదం లోపలికి జారుతుంది.

నాలుగూ చూసుకోవడానికి మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాత కూడా కాలు ఇరుక్కుంటుందన్న దిగులు ఉండొచ్చు, కానీ దాని గొంతు తగ్గుతుంది.

జీను పక్కకి తిరిగిపోయిందన్న కబురుకి కారణం దాదాపు ఎప్పుడూ కడుపు కింది గర్త్ పట్టీయే. బిగించేటప్పుడు చాలా గుర్రాలు కడుపు ఉబ్బిస్తాయి, కండ బిగిస్తాయి. అందుకే ఒకేసారి బిగించకూడదు. ముందు వదులుగా, పది అడుగులు నడిపించాక రెండు బెజ్జాలు, ఎక్కే ముందు మళ్లీ. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పట్టకూడదు. ఎక్కి ఐదు నుంచి పది నిమిషాలు నడిచాక ఇంకోసారి తప్పనిసరి: పగ్గాలు కుడిచేతిలోకి, ఎడమ పాదం రికాబులోనే ఉంచి కాలు ముందుకు చాపి, జీను రెక్క ఎత్తి, బకిల్ ఒక బెజ్జం పైకి. కొత్తవాళ్లైతే సైస్‌ని పిలవండి. నేల మీద నుంచి కాకుండా దిమ్మె మీద నుంచి ఎక్కితే జీను మీదా, గుర్రం వీపు మీదా లాగుడు తగ్గుతుంది.

హెల్మెట్ గురించి పొడుగ్గా చెప్పేదేం లేదు. స్వారీ హెల్మెట్టే కావాలి, బైకుదీ సైకిల్‌దీ క్రికెట్‌దీ కాదు. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163 లేదా పీఏఎస్ 015 అని భద్రతా ప్రమాణం ముద్ర ఉందేమో చూడండి. కనుబొమలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం పట్టీ కింద ఒక వేలు పట్టాలి. దానితో ఒకసారి నేలకి తల తగిలిందంటే పైకి బాగున్నా ఇక పనికిరాదు, లోపలి ఫోమ్ ఒక్క దెబ్బనే కాచుకుంటుంది. అద్దె హెల్మెట్లు ఎన్ని దెబ్బలు తిన్నాయో తెలియదు కాబట్టి, మొదట సొంతంగా కొనాల్సిన వస్తువు ఇదే.

గుర్రం అదుపు తప్పి పరుగెత్తితే

అందరినీ ఎక్కువ బాధించే ఊహ ఇది. సైకిల్‌కి బ్రేకు వేసినట్టు రెండు పగ్గాలూ కలిపి గుంజి పట్టుకుంటే ఆ గుర్రానికి ఆనుకోవడానికి ఊత ఇచ్చినట్టే. చేయాల్సింది వేరు. భుజాలు వెనక్కి, పిరుదులు జీను లోతులోకి, మడమలు కిందికి, మోకాళ్లు వదులు. ఒక చెయ్యి మెడ పట్టీనో జూలునో పట్టుకుంటుంది. ఇంకో చేతి పగ్గం గుంజు, వదులు, గుంజు, వదులు, గుర్రం అడుగుతో లయ కలిపి. చోటుంటే పెద్ద వలయంలోకి తిప్పి, మెల్లగా దాన్ని చిన్నది చేస్తూ పోవాలి. జోరు మీద ఉన్నప్పుడు తల ఒక్కసారిగా పక్కకి లాగితే గుర్రం కాలు తడబడి ఇద్దరూ పడతారు. కేక వేయకండి, దానికి అది ఇంకో బెదురు.

మెడ పట్టీ అంటే పెద్ద విషయమేం కాదు. పాత రికాబు తోలుపట్టీని గుర్రం మెడకి వదులుగా బిగిస్తే సరిపోతుంది. చిటికెన వేలు దానిలో దూర్చి ఉంచుకున్నా చాలు. పట్టుకోవడానికి వేరే ఆధారం ఉంటే చెయ్యి పగ్గానికి వేలాడదు, గుర్రం నోరు నొవ్వదు. పిల్లల కోసమే అని సిగ్గుపడేవాళ్లున్నారు. సిగ్గుపడాల్సింది గుర్రం నోటికి వేలాడినందుకు.

ఇది పరుగులో నేర్చుకునే విద్య కాదు, నడకలో. మైదానంలో వాక్ చేయిస్తూ పదిసార్లు ఆపండి: ఊపిరి వదలడం, నడుము కదలిక ఆపడం, ఆ తర్వాతే వేళ్లు మూయడం. ఎన్ని అడుగుల్లో ఆగిందో లెక్కపెట్టండి. పదింట్లో ఎనిమిదిసార్లు మూడు అడుగుల్లోపు ఆగితే ట్రాట్‌లో అదే చేయండి. ట్రాట్‌లో ఆ లెక్క రాకుండా ఇంకా వేగమైన క్యాంటర్‌కి తొందరపెట్టే ఉస్తాద్‌కి వద్దని చెప్పే హక్కు మీకుంది. దీనితో పాటు అత్యవసరంగా దిగడం కూడా, ముందు నిలబడ్డ గుర్రం మీద, తర్వాత వాక్‌లో: రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి, ముందుకు వంగి, కాలు వెనక నుంచి తిప్పి, మోకాళ్లు వంచి నేల మీద పడాలి. వారానికి ఐదుసార్లు చేస్తే చాలు.

బెదురుకి ఒక లెక్క ఉంది

గుర్రానికి కళ్లు తలకి పక్కల ఉంటాయి. చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. సరిగ్గా ముఖం ముందు, తోక వెనక మాత్రం గుడ్డి చోట్లు. ఎడమ వైపు చూసి ఊరుకున్న నీళ్ల డ్రమ్ముని తిరుగు దారిలో కుడి వైపు చూసి మళ్లీ బెదరొచ్చు. మొండితనం కాదది. ముందు చెవులు ఒకేవైపు నిలుస్తాయి, తర్వాత మెడ లేస్తుంది, వీపు గట్టిపడుతుంది, ఆ పైన గెంతుతుంది. చెవుల దగ్గరే పట్టుకుంటే సగం పని అయినట్టే: మీ చూపు డ్రమ్ము మీద కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి, డ్రమ్ముకి అవతలి పక్క కాలు గుర్రం పక్కటెముకలకి తాకి ఉండాలి. డ్రమ్ముకేసి చూస్తే మీ భుజం కూడా అటే తిరుగుతుంది, గుర్రం కూడా అక్కడ ఏదో ఉందనే నమ్ముతుంది.

ఏ రోజు బెదురు ఎక్కువో ముందే చెప్పొచ్చు. సంక్రాంతికి ముందు గాలిపటాలు, వినాయక నిమజ్జనం డప్పులు, దీపావళి వారం, వానలకి రెండు రోజులు బయటికి రాని గుర్రం, చలి మొదలైన తొలి పొద్దులు. సెలవు రోజున కూడా పూర్తి దాణా తిన్న గుర్రం మరుసటి రోజు కుదురుగా నిలవదు. కాబట్టి ఎక్కే ముందు సైస్‌ని ఒక్క ముక్క అడగండి: "భయ్యా, కల్ కామ్ హువా క్యా?" (నిన్న పని పడిందా అని). లేదన్నాడంటే పది పదిహేను నిమిషాలు తాడు మీద వలయంలో తిప్పించాకే ఎక్కండి. మొత్తం ఆవరణలో ఆ గుర్రం గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అడిగేవాళ్లే తక్కువ.

మెట్లు దిగడం కూడా వచ్చి ఉండాలి

భయానికి సున్నా నుంచి పది దాకా అంకె ఇచ్చుకోండి. మూడు నాలుగు దగ్గర నేర్చుకోవడం బాగా సాగుతుంది. ఆరు దాటితే ఏమీ ఎక్కదు, శరీరం పట్టు బిగించడం తప్ప వేరే పని చేయదు. ఆరు వచ్చిన క్షణాన ఒక మెట్టు దిగాలి: క్యాంటర్ నుంచి ట్రాట్‌కి, ట్రాట్ నుంచి వాక్‌కి, వాక్ నుంచి ఉస్తాద్ చేతిలోని తాడుకి. తాడు మీద 15 నుంచి 20 మీటర్ల వలయంలో గుర్రం పని ఉస్తాద్ చూసుకుంటారు, మీ పని మీ శరీరమే. అక్కడ ఇరవై నిమిషాలు చాలు, ఎడమకి పది, కుడికి పది.

బాగా దడుచుకుని ఉన్నవాళ్లకి నాలుగు వారాల వరస ఇలా వేస్తే బాగుంటుంది. మొదటి వారం ఎక్కనే వద్దు. బ్రష్ చేయడం, డెక్కలు ఎత్తడం, పట్టుకుని నడిపించి ఆపడం. రెండో వారం ఎక్కి దిగడం ఐదుసార్లు, ఉస్తాద్ పట్టుకుని ఉండగా వాక్. మూడో వారం తాడు మీద వాక్, ట్రాట్. నాలుగో వారం విడిగా, ఎర్ర పోగుతో, ఆపుడు లెక్కతో. ఏ రోజైనా బాగా కుదిరిన పని అయిన వెంటనే దిగేయండి, ఇంకా ఇరవై నిమిషాలు డబ్బులు మిగిలినా సరే. ఆ మిగిలిన ఇరవై నిమిషాల్లోనే అలసట, అలసటలోనే జారుడు.

ఊపిరి సంగతి: నాలుగు అంకెల్లో లోపలికి, ఆరు అంకెల్లో బయటికి. అది మరిచిపోతే పైకి పాట పాడండి. పాడుతూ ఊపిరి బిగపట్టడం కుదరదు, అంతకంటే రహస్యం లేదు. శ్రుతి గుర్రానికి పట్టదు.

పడితే

పడగానే మళ్లీ ఎక్కించేయాలి, లేకపోతే భయం పాతుకుపోతుంది అని ఒక పాత మాట తిరుగుతూ ఉంటుంది. దాన్ని సగమే నమ్మండి. తల నేలకి తగిలిందంటే ఆ రోజుకి స్వారీ అయిపోయింది. వాంతి, పెరిగే తలనొప్పి, మగత, అడిగిందే మళ్లీ అడగడం, పడిన సంగతే గుర్తు లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆసుపత్రికి. మెడ నొప్పి అంటే మనిషిని కదపకుండా, హెల్మెట్ తీయకుండా 108కి ఫోన్ చేయాలి. వైద్యుడు సరే అన్నాకే మళ్లీ గుర్రం దగ్గరికి. దెబ్బలేం లేకుండా దుమ్ము దులుపుకుని లేచినవాళ్లు ఎక్కొచ్చు, కానీ వాక్‌లో రెండు చుట్లు చాలు.

ఎవరి మాట వినాలి

గుర్రాలున్నచోట సలహాకి కొదవ ఉండదు. కంచె మీద ఆనుకున్న ప్రతివాళ్లూ ఒకటి చెబుతారు: మడమ దించు, కాదు మోకాలు నొక్కు, కాదు పగ్గం ఎత్తు. మూడు పాటిస్తే మూడూ చెడతాయి. ఒక పూటకి ఒక దిద్దుబాటు, అదీ మిమ్మల్ని ఆ గుర్రం మీద చూస్తున్న ఉస్తాద్ నోట వచ్చింది మాత్రమే. మిగతావి నోటుబుక్కులో రాసుకుని దిగాక ఆయన్ని అడగండి. స్వారీకి ముందు గంటలో ప్రమాదాల కబుర్లు, పడిపోయే వీడియోలు వద్దు. ఎవరైనా మొదలుపెడితే, దిగాక చెప్పండి అని గుర్రం దగ్గరికి వెళ్లిపోండి. కళ్ల ముందు ఆడేది తరచూ జరిగేదిలా అనిపించడం మనిషి బుర్రకున్న బలహీనత.

అయితే భయం నిజం చెప్పే సందర్భాలూ ఉన్నాయి, వాటిని ధైర్యం పేరుతో తోసేయకూడదు. గర్త్ బిగిస్తుంటే చెవులు వెనక్కి అతికించి కరవబోతోంది, వీపు మీద చెయ్యి వేస్తే కుంగిపోతోంది, ట్రాట్‌లో తల ఒక అడుగుకి పైకి లేస్తోంది అంటే గుర్రానికి నొప్పి ఉంది. ఆ రోజు ఎక్కకండి. మీ బరువూ జీను బరువూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటుతుంటే, అంటే 450 కిలోల గుర్రానికి 90 కిలోలు దాటుతుంటే, పెద్ద గుర్రాన్ని అడగండి. ఒకే గుర్రం మీద మూడు వారాలు వరసగా భయం అంకె ఆరుకి తగ్గకపోతే గుర్రాన్నే మార్చమనండి. మార్చినా నిద్రలో పడిపోయే కలలు, ఉదయం కడుపులో తిప్పడం ఆగకపోతే అది ఉస్తాద్ తీర్చేది కాదు, మానసిక వైద్యుణ్ని కలవండి.

దిగేటప్పుడు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి దిగండి. దిగిన వెంటనే రికాబులని పట్టీ మీదుగా పైదాకా జరిపి, పట్టీని లోపలికి దోపండి. వేలాడుతూ వదిలేస్తే లాయం గడియకి తగులుకుంటాయి, అక్కడ బెదిరిన గుర్రం తలుపునే పీక్కుపోగలదు. గర్త్ రెండు బెజ్జాలు వదులు చేసి, నోటుబుక్కు తీసి మూడు అంకెలు రాయండి: భయం ఎంత, పోగు ఎన్నిసార్లు దాటింది, ఆపుడు పదికి ఎన్ని.